తలపోటు వెనుక కంటి పోటు
నీళ్లు తాగే తీరుకు, పార్శ్వపు నొప్పికి, చూపుకు ఉన్న లంకె ఏమిటి?

మచిలీపట్నం: రోహిణీ కార్తెలో మట్టిపని కావచ్చు, శ్రావణంలో వరినాట్లు కావచ్చు. దివిసీమ పల్లెల్లో కూలికి వెళ్లే మహిళ పొద్దున్నే గ్లాసుడు టీ తాగి గట్టెక్కితే తిరిగి ఇల్లు చేరే వరకు నీటిచుక్క ముట్టదు. దాహం లేక కాదు. చేల మధ్య మరుగు ఉండదు, మూత్రానికి వెళ్లే చోటు ఉండదు. అందుకని గొంతు ఎండినా ఓర్చుకుంటుంది. ఇల్లు చేరగానే చెంబెత్తి గటగటా లీటరు నీళ్లు తాగేస్తుంది. పొద్దుగూకే వేళకు తల పగిలిపోతుంది. నుదుటికి శొంఠి పట్టు, కిళ్లీ కొట్లో కొన్న తలనొప్పి మాత్ర. తెల్లవారితే మళ్లీ అదే పని, అదే ఓర్పు, అదే నొప్పి.

బందరు నుంచి నాగాయలంక వరకు ఇది పరిపాటి. ఈ నొప్పిని అందరూ పార్శ్వపు నొప్పి అనేస్తారు. చాలా సందర్భాల్లో అది నిజమే. కాని కొందరిలో నొప్పి పుట్టేది తలలో కాదు, కంటిలో. ఆ తేడా తెలియక చూపు పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఈ విలేకరి మేనత్త వారిలో ఒకరు. ఆమె సంగతి చెప్పేముందు కంటిలో నీటి పారుదల ఎలా సాగుతుందో తెలుసుకోవాలి.

కన్ను కూడా ఒక డెల్టాయే

నీటిపారుదల గురించి కృష్ణా డెల్టా రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. ప్రకాశం బ్యారేజీ నుంచి బందరు కాలువ, కె.ఇ.బి. కాలువ వంటివాటి ద్వారా నీరు వస్తుంది. వచ్చిన నీరు చేను తడిపి, మురుగు కాలువలో పడి సముద్రం చేరాలి. రాక ఎంత ముఖ్యమో పోక అంతకన్నా ముఖ్యం. రత్నకోడులోనో గుండేరులోనో గుర్రపుడెక్క, తూడు పెరిగి పూడుకుపోతే వరిచేను పీకల్లోతు నీటిలో నిలబడుతుంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు డ్రెయిన్లు లాగవు. ఆటు వచ్చేదాకా నీరు ఎక్కడిదక్కడే.

కంటిలో జరిగేదీ ఇదే. కంటిపాప వెనుక ఉండే సిలియరీ బాడీ అనే భాగం నిమిషానికి సుమారు 2 నుంచి 2.5 మైక్రోలీటర్ల స్వచ్ఛమైన ద్రవాన్ని స్రవిస్తుంది. రోజంతా ఊరినది కలిపినా ఒక టీ చెంచా నిండదు. కంటి కటకానికి, కార్నియా అనే పారదర్శక పొరకు రక్తనాళాలు లేవు. ఉంటే చూపుకు అడ్డం. కాబట్టి వాటికి ఆహారం మోసుకొచ్చేది ఈ ద్రవమే. ఇది కంటిపాప గుండా ముందుకు వచ్చి, నల్లగుడ్డు అంచున ఉన్న మూలలోని సన్నని జల్లెడ గుండా వడకట్టుకుని ఒక సూక్ష్మమైన కాలువలో పడుతుంది. దానికి ష్లెమ్ కాలువ అనే పేరే స్థిరపడింది. అక్కడి నుంచి సిరల్లోకి, సిరల నుంచి రక్తంలోకి. ఈ నీటికీ ఏడిస్తే వచ్చే కన్నీటికీ సంబంధం లేదు. కన్నీరు కంటి బయటిది, ఇది లోపలిది.

రాక, పోక సమంగా ఉన్నంతకాలం కంటిలోని ఒత్తిడి సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. పోక తగ్గితే ఒత్తిడి పెరిగి, కంటి నుంచి మెదడుకు చూపును చేరవేసే నరం నలిగిపోతుంది. దీన్నే నీటికాసులు అంటాం, వైద్యులు గ్లకోమా అంటారు. జల్లెడ నెమ్మదిగా పూడుకుపోవడం ఒక రకం. నొప్పి ఉండదు, మంట ఉండదు. పక్కచూపు అంచుల నుంచి సంవత్సరాల తరబడి తరిగిపోతూ ఉంటే రోగికి తెలియనే తెలియదు. రెండో రకంలో నల్లగుడ్డు పొర ముందుకు జరిగి మురుగు కాలువ ముఖద్వారాన్నే మూసేస్తుంది. స్లూయిజు షట్టరు దించినట్టన్నమాట. అప్పుడు గంటల్లోనే ఒత్తిడి రెండింతలు, మూడింతలు కావచ్చు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. ‘నాకు బీపీ లేదు, కంట్లో ఒత్తిడి ఎందుకుంటుంది?’ అని చదువుకున్నవారే అడుగుతుంటారు. చేతికి పట్టీ కట్టి చూసే రక్తపోటు వేరు, కంటి ఒత్తిడి వేరు. మొదటిది చక్కగా ఉండి రెండోది ప్రమాదస్థాయిలో ఉండడం కద్దు. కంటి ఒత్తిడిని చూడడానికి టోనోమీటరు అనే వేరే సాధనం ఉంది.

లీటరు నీళ్లు ఒక్క ఊపున తాగితే...

నీళ్లు తాగడానికీ కంటి ఒత్తిడికీ సంబంధం ఉందన్న విషయం కొత్తదేమీ కాదు. 1920ల నాటికే ఐరోపాలోని కంటి వైద్యులు దీన్ని ఒక పరీక్షగా వాడారు. రోగి చేత దాదాపు లీటరు నీటిని 5 నిమిషాల్లో తాగించి, ఆ తరువాత గంటసేపు 15 నిమిషాలకొకసారి కంటి ఒత్తిడి కొలుస్తారు. ఆరోగ్యవంతుల కంటిలో ఒత్తిడి కొద్దిగా పెరిగి గంట, గంటన్నరలో దిగిపోతుంది. నీటికాసులు ఉన్నవారిలో ఎక్కువగా పెరుగుతుంది, ఆలస్యంగా దిగుతుంది. జబ్బును నిర్ధారించడానికి దీనిమీదే ఆధారపడడం ఆ తరువాత మానేశారు. అయితే కంటి మురుగు కాలువ ఎంత నీటిని లాగగలదో అంచనా వేయడానికి కొందరు వైద్యులు ఇప్పటికీ దీన్ని వాడుతున్నారు.

ఒత్తిడి ఎందుకు పెరుగుతుంది? ఒక్కసారిగా నీరు చేరి రక్తం పలుచబడడం, కంటి వెలుపలి సిరల్లో ఒత్తిడి పెరగడం, కంటి లోపలి రక్తనాళాల పొర ఉబ్బడం అంటూ వైద్యులు పలు కారణాలు చెబుతారు. సిరల్లో ఒత్తిడి పెరగడమంటే మన భాషలో సముద్రం పోటు మీద ఉండడమే. దీనికి తిరగబడిన రుజువు కూడా ఉంది. కంటి ఒత్తిడి హఠాత్తుగా పెరిగి వచ్చిన రోగికి ఆసుపత్రిలో మానిటాల్ అనే మందును నరంలోకి ఎక్కిస్తారు. అది రక్తాన్ని చిక్కబరచి కంటిలోని నీటిని బయటికి లాగేస్తుంది. నీరు అటూ ఇటూ ప్రవహించేది ఈ చిక్కదనం తేడాలను బట్టే.

తెల్లవారుజామున పరగడుపున లీటరు, లీటరున్నర నీళ్లు ఏకబిగిన తాగే ఉషఃపానం మన జిల్లాలో రెండు మూడు దశాబ్దాలుగా బాగా వ్యాపించింది. దానివల్ల విరేచనం సాఫీగా అవుతుందనేవారు ఎందరో. ఆరోగ్యవంతుడికి దీనివల్ల కన్ను పాడవుతుందని ఎవరూ చెప్పలేదు. నీళ్లు తాగడం వల్ల నీటికాసులు పుడతాయన్న రుజువూ లేదు. చిక్కంతా ఇప్పటికే ఆ జబ్బు ఉన్నవారితోనే, తమకు ఉందని ఎరుగనివారితోనే. అటువంటివారు రోజు మొత్తంలో తాగే నీటిని తగ్గించుకోనక్కరలేదు, తగ్గించుకోకూడదు కూడా. ఒకేసారి చెంబెడు కాక, గంటకొక గ్లాసు చొప్పున పంచుకుని తాగాలన్నదే వైద్యుల సలహా.

తాగకపోతే తలకు తిప్పలు

అలాగని నీళ్లు మానితే తల ఊరుకోదు. ఒంట్లో నీరు తగ్గడం పార్శ్వపు నొప్పిని రేపే కారణాల్లో ఒకటి. ఉపవాసం, నిద్రలేమి, ఎండ, తీక్షణమైన వెలుతురు, నెలసరి, ఘాటైన వాసనలు ఇతర కారణాలు. నొప్పి తలకు ఒకవైపున నరం కొట్టుకున్నట్టు వస్తుంది. వాంతి వచ్చినట్టుంటుంది, వెలుతురును, చప్పుడును భరించలేరు. మందు వేసుకోకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. కొందరికి నొప్పికి ముందు కళ్లెదుట వంకర టింకర మెరుపు గీతలు కనిపిస్తాయి. అవి సాధారణంగా గంటలోపే మాయమవుతాయి. పురుషుల కంటె స్త్రీలలో ఈ జబ్బు దాదాపు మూడింతలు ఎక్కువ.

మరి నీళ్లు ఎక్కువ తాగితే నయమవుతుందా? తరచు తలనొప్పి వచ్చే 102 మందిపై నెదర్లాండ్స్‌లో చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. అందులో ఒక బృందం రోజూ ఒకటిన్నర లీటర్ల నీటిని అదనంగా తాగింది. చాలా మెరుగైందన్నవారు ఆ బృందంలో 47 శాతం, తాగనివారిలో 25 శాతం. కాని నొప్పి వచ్చిన రోజుల సంఖ్య మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు. నీరు ఔషధం కాదు, నీరు లేకపోవడం మాత్రం ఒక కారణం అని అర్థం చేసుకోవాలి.

టీ సంగతి కూడా ఇందులోకి వస్తుంది. టీ, కాఫీల్లోని కెఫీన్ కంటి ఒత్తిడిని గంటా గంటన్నరపాటు స్వల్పంగా పెంచుతుంది. నీటికాసులు ఉన్నవారు కప్పుల లెక్క చూసుకోవడం మంచిది. రోజుకు నాలుగైదుసార్లు తాగే అలవాటున్నవారు ఒకపూట మానితే అదే తలనొప్పి తెస్తుంది. కొట్లో దొరికే కొన్ని తలనొప్పి మాత్రల్లోనూ కెఫీన్ ఉంటుంది. నెలలో 10, 15 రోజులకు మించి నొప్పి మాత్రలు మింగేవారికి ఆ మాత్రల వల్లనే రోజువారీ తలనొప్పి పట్టుకుంటుంది. పల్లెల్లో ఈ రకం తక్కువేమీ కాదు. మాత్ర మానేయమంటే మాత్రం ఎవరూ నమ్మరు.

కంటిలో ఉన్నట్టే మెదడు చుట్టూ కూడా ఒక ద్రవం ఉంటుంది. మెదడుకూ వెన్నుపాముకూ కలిపి సుమారు 150 మిల్లీలీటర్లు. రోజుకు అర లీటరు దాకా ఊరుతూ, ఇంకుతూ ఉంటుంది. దాని ఒత్తిడి కారణం తెలియకుండా పెరిగే జబ్బు ఒకటుంది. ఎక్కువగా బరువు పెరిగిన యువతుల్లో వస్తుంది. రోజూ తలనొప్పి, వంగి లేచినప్పుడు క్షణకాలం కళ్లు చీకట్లు కమ్మడం, చెవిలో గుండె కొట్టుకున్నట్టు హోరు దీని గుర్తులు. దీన్నీ పార్శ్వపు నొప్పే అనుకుని ఏళ్లు గడిపేస్తారు. కంటి వైద్యుడు పాపను పెద్దది చేసి లోపల చూస్తే కంటి నరం వాచి కనిపిస్తుంది. తల జబ్బును కన్ను బయటపెట్టడం అంటే ఇదే. ఎసిటజోలమైడ్ అనే మాత్రను ఈ జబ్బుకూ, నీటికాసులకూ రెండింటికీ వాడడం గమనార్హం.

దీపం చుట్టూ రంగుల వలయం

ఇక మేనత్త సంగతి. అవనిగడ్డకు దగ్గర్లోని పల్లె. వయసు యాభై దాటింది. చాలా ఏళ్లుగా సాయంకాలాలు తలనొప్పి వచ్చేది. కుడి కణత నుంచి కంటి మీదికి లాగేది. దీపం పెట్టే వేళకు మొదలై, నిద్రపోయి లేచేసరికి తగ్గిపోయేది. దీపం చుట్టూ ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తున్నాయని ఒకటి రెండుసార్లు అన్నది. శుక్లాలు వస్తున్నాయిలే, ముదరనిచ్చి ఆపరేషన్ చేయిద్దామని ఇంట్లో అందరం అన్నాం. డిగ్రీ చదివి, పత్రికకు వార్తలు రాసే నేనూ అన్నాను.

2004 వేసవిలో ఒకనాడు నాయనమ్మ తద్దినం. పొద్దంతా ఉపవాసం, వంటింటి సెగ. పని ముగిసేసరికి మూడయింది. అప్పుడు చెంబెడు నీళ్లు తాగి, భోంచేసి, చీకటి గదిలో పడుకుంది. రాత్రి ఎనిమిదింటికి భరించలేని నొప్పి, వాంతులు, కన్ను ఎర్రబడింది. ఊళ్లో వైద్యం చేసే ఆయన పైత్యమని వాంతులకు ఒక సూది, నొప్పికి ఒక సూది వేశాడు. రెండు రోజులు అలాగే గడిచాయి. మూడోనాడు విజయవాడ తీసుకెళ్లే సమయానికి కుడికంటికి చేతి వేళ్లు కూడా కనిపించడం లేదు. ఒత్తిడి దించారు, ఆపరేషన్ చేశారు, నరం మాత్రం తిరిగి రాలేదు. శుక్లం వల్ల పోయిన చూపు ఆపరేషన్‌తో వస్తుంది. నీటికాసుల వల్ల పోయింది రాదు.

సాయంత్రమే ఎందుకు వచ్చేదో వైద్యుడు అప్పుడు వివరించారు. మసక వెలుతురులో కంటిపాప విప్పారుతుంది. మూల ఇరుకుగా ఉన్న కంటిలో అప్పుడు నల్లగుడ్డు పొర మడతపడి ద్వారాన్ని మూస్తుంది. నిద్రలో పాప కుంచించుకుంటుంది, ద్వారం తెరుచుకుంటుంది, నొప్పి తగ్గుతుంది. సినిమా హాల్లో తలనొప్పి వచ్చేవారిలో కొందరి కథ ఇదే. ఆ నాటి చెంబెడు నీళ్లే చూపు తీశాయని వైద్యుడు అనలేదు, నేనూ అనను. ఇరుకు మూల ముందే ఉంది. చీకటి, అలసట, నీళ్లు అన్నీ ఒక్కనాడే కలిశాయి.

పార్శ్వపు నొప్పికి మందు వాడేవారు తెలుసుకోవలసిన మరో విషయం ఉంది. ఆ నొప్పి రాకుండా ఇచ్చే టోపిరమేట్ అనే మందు అరుదుగా కొందరిలో, మొదలుపెట్టిన మొదటి వారాల్లో, రెండు కళ్లలోనూ ఇదే రకం నీటికాసులు తెప్పించగలదు. అకస్మాత్తుగా దూరపు చూపు మసకబారితే, కళ్లు నొప్పి పెడితే ఆలస్యం చేయకుండా వైద్యుడికి చెప్పాలి. కళ్లకలక వచ్చినా దురద వచ్చినా మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల మందుల్లో స్టిరాయిడ్ ఉంటే, నెలల తరబడి వాడినవారికి నొప్పి తెలియకుండా ఒత్తిడి పెరుగుతుంది. వేసుకోగానే హాయిగా ఉంటుంది, అదే దాని ప్రమాదం.

కాలువలు కట్టేశాక

తీరమండలాల్లో ఏ బోరు వేసినా ఉప్పునీరే. 1977 నవంబరు 19 ఉప్పెన నాటి నీటి కష్టాలను దివిసీమ పెద్దలు ఇప్పటికీ కథలుగా చెబుతారు. బందరు పట్టణానికి తరకటూరు చెరువు, పల్లెలకు ఊరి మంచినీటి చెరువు ఆధారం. వేసవిలో కాలువలు కట్టేశాక చెరువు అడుగంటుతుంది, నీరు రంగు మారుతుంది. టిన్ను నీళ్లు కొనుక్కునే స్తోమత లేనివారు తాగడమే తగ్గిస్తారు. సరిగ్గా ఒళ్లు చెమటలు కక్కే నెలల్లో.

ఉప్పునీరు తాగితే ఏమవుతుందన్నదానికి మన తీరాన్ని పోలిన బంగ్లాదేశ్ ఖుల్నా తీరంలో అధ్యయనం జరిగింది. తాగునీటిలో ఉప్పు పెరిగే ఎండాకాలంలో గర్భిణులలో రక్తపోటు వానాకాలం కంటె ఎక్కువగా ఉన్నట్లు 2011లో ప్రచురించిన ఆ పరిశీలనలో తేలింది. ఎండుచేపలు, ఊరగాయల ఉప్పు ఎలాగూ ఉండనే ఉంది. ఐదో నెల దాటిన గర్భిణికి తీవ్రమైన తలనొప్పి వచ్చి కళ్లు మసకబారితే అది పార్శ్వపు నొప్పి అనుకోకూడదు. అది గుర్రపువాతానికి ముందస్తు సూచన కావచ్చు. ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

మద్యం సంగతి క్లుప్తంగా. అది ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపేస్తుంది, మర్నాటి తలనొప్పి తెలిసిందే. పార్శ్వపు నొప్పి ఉన్నవారిలో కొందరికి కొద్దిగా తాగినా నొప్పి లేస్తుంది. మిథైల్ ఆల్కహాల్ కలిసిన కల్తీసారా అయితే కంటి నరాన్నే కాల్చేస్తుంది. ప్రాణం దక్కినా చూపు దక్కదు.

పరీక్ష ఎక్కడ?

కృష్ణా జిల్లాకు చెందిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు రాష్ట్రంలో 10 వేల మందికి పైగా కళ్లను పరీక్షించింది. హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలను ఎంచుకున్నారు. మన జిల్లా అందులో లేదు, పొరుగు జిల్లా ఉంది. నీటికాసులు బయటపడినవారిలో అత్యధికులకు ఆ సంగతి పరీక్ష రోజు వరకు తెలియదు. ఆ సంస్థ శాఖ ఇప్పుడు బందరు రోడ్డు మీదనే, తాడిగడపలో ఉంది. 2023లో వైద్య కళాశాల ప్రారంభమయ్యాక మచిలీపట్నం ప్రభుత్వాసుపత్రి బోధనాసుపత్రి అయింది. గుడివాడలో ఏరియా ఆసుపత్రి ఉంది.

నలభై దాటినవారు, ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నవారు, మధుమేహులు అద్దాల పరీక్షతో సరిపెట్టుకోకుండా కంటి ఒత్తిడి, నరం, మూల మూడూ చూడమని అడగాలి. తలనొప్పితోపాటు కన్ను ఎర్రబడి, చూపు మసకబారి, వాంతులైతే తెల్లవారేదాకా ఆగకూడదు. ఇక నీరు. పనిలోకి వెళ్లేవారు సీసా వెంట తీసుకెళ్లి గంటకొకసారి గ్లాసెడు తాగాలి. మధ్యలో ఉప్పు తగ్గించిన పల్చటి మజ్జిగ, తరవాణి, కొబ్బరి నీళ్లు మంచివే. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత తాగాలన్నది వారి వైద్యుడే చెప్పాలి. ఒక గంటలో లీటరుకు మించి తాగితే మూత్రపిండాలు విసర్జించలేవు, అదీ తలనొప్పికి దారి తీస్తుంది. చేల దగ్గర నలుగురు ఆడవాళ్లకు ఒక చాటు కట్టడం రైతుకు పెద్ద ఖర్చేమీ కాదు.

మేనత్త ఎడమకంటికి లేజరుతో నల్లగుడ్డు పొరలో చిన్న రంధ్రం పెట్టారు. వరద ముంచుకొస్తే కరకట్టకు గండి కొట్టి నీటిని దారి మళ్లించినట్టే. అయిదు నిమిషాల పని. ఆ కంటితోనే ఆమె ఇప్పటికీ బియ్యంలో రాళ్లేరుతోంది. ఈ జబ్బు రక్తసంబంధీకుల్లో వచ్చే అవకాశం ఎక్కువని వైద్యులు హెచ్చరించడంతో ఆమె ఇద్దరు కూతుళ్లకూ పరీక్ష చేయించాం. పెద్దదాని కళ్లలో మూలలు ఇరుకుగా ఉన్నాయని తేలింది. దానికి అప్పటివరకు ఒక్కనాడూ తలనొప్పి రాలేదు.